వంక ఎండితే పటం చెల్లదా?

తిరుపతి దగ్గర స్వర్ణముఖి ఏటి గట్టున వంకలు (వాగులు) పూడ్చి వేసే వెంచర్ల గొడవ రేగి, వంక దారి చూపే పాత పటం ముందు పెట్టిన ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది: 'అది బ్రిటిష్‌వాళ్ల నాటి పటమండీ, ఇప్పుడు దానికేం విలువ?' ప్లాట్లమ్ముకునేవాళ్లే అంటే పట్టించుకోనక్కర్లేదు. అధికారుల కుర్చీల్లోంచీ అదే పాట వస్తోంది.

డీకేటీ పట్టా (పేదలకిచ్చిన ప్రభుత్వ భూమి పట్టా) అనండి, గెట్టు తగాదా అనండి, రైతు రెవెన్యూ ఆఫీసు గడప తొక్కితే మొదట అడిగేది పాత రికార్డే. ఆర్‌ఎస్‌ఆర్ (పాత భూమి సర్వే రిజిస్టరు) నకలు తే, పాత అడంగల్ (ఊరి సాగు లెక్క) తే అంటారు. మరి అవి ఎవరి కాలం నాటివి? తాత పేరులో అక్షరం తేడా వస్తే నెలల తరబడి తిప్పే యంత్రాంగానికి, వంక దగ్గరికొచ్చేసరికి వందేళ్ల కాగితం చిత్తుకాగితమైపోతుంది!

1905 తర్వాత సర్వే ఆఫ్ ఇండియా అంగుళానికి ఒక మైలు లెక్కన కొత్తగా రంగుల పటాలు మొదలుపెట్టింది. ఆ వరుసలో తిరుపతి 57 ఓ/6 షీటులో పడుతుంది. ఎత్తుపల్లాలకు గోధుమరంగు గీతలు, నీళ్లున్నచోట నీలం, ఎండిన వంకకు నల్లగీత. ఎండిందని వంకను వదిలేయలేదు, చూడండి! ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపించే మన ఏటికి ఆ నల్లగీతే ఆధారం. శేషాచలం కింద పై చెరువు నిండి మొరవ (అలుగు) పోతే ఆ నీళ్లు కింది చెరువుకు ఏ దారిన దిగాలో చెప్పేదీ అలాంటి గీతే. దాన్ని పూడ్చి రోడ్డేస్తే ప్లాటు వస్తుంది గానీ వంక దారి మానుకోదు.

ఇలా ఎత్తుపల్లాలు, వంకలు చూపే స్థలాకృతి పటం హక్కు పత్రం కాదని, ఏళ్లు దారి మార్చుకుంటాయని వాదించేవాళ్లున్నారు. కావచ్చు. ఇక్కడ అడుగుతున్నది నేల ఎవరిదని కాదు, నీళ్లు ఎటు పోతాయని.

2021 నవంబరులో ఆ నీళ్లు తిరుపతి కాలనీల్లోకే వచ్చాయి. రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. అంత జరిగాక కూడా 'పాత పటం' అని పెదవి విరుపేనా? పైగా 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే ఒకటుంది. పూడ్చిన వంకను పూడ్చినట్టే కొలిచి రాసుకుంటే, నిన్నటి ఆక్రమణే రేపటి రికార్డవుతుంది. అప్పుడు రైతును పాత అడంగల్ తెమ్మని ఏ మొహంతో అడుగుతారు?

వరదొచ్చాక మోకాటిలోతు నీళ్లలో ఫొటోలు దిగడానికి వచ్చేవాళ్లు ముందే ఒకసారి రండి. లేఔట్ ప్లాను పక్కన ఆ షీటు పరిచి, వంక ఎక్కడుందో వేలుపెట్టి చూపించండి. సంతకం ఆ తర్వాత పెడుదురుగాని.