విశేషం గారికి, విజయవాడ సత్యనారాయణపురం నుంచి

మహారాజశ్రీ విశేషం గారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమమేనని నాకు తెలుసు. మొన్న ఆదివారం పటమటలో మా బంధువుల పాప పుట్టినరోజుకి వెళితే, మీరు నాకంటే ముందే వచ్చి కూర్చున్నారు. మా అక్క కూతురు గుమ్మంలో ఇంకా చెప్పులు విప్పుతూనే ఉంది, "ఏమ్మా, విశేషమేమైనా ఉందా?" అంటూ ముగ్గురు పెద్దవాళ్ళ నోట ఒకేసారి పలికారు. ఆ పిల్లకి పెళ్ళయి నలభై రోజులు. పందిరి వేసినవాడికి ఇవ్వాల్సిన డబ్బులు కూడా మా బావగారు ఇంకా పూర్తిగా ఇవ్వలేదు.

మీతో నా పరిచయం 2008 నుంచి. నా పెళ్ళయిన నెలకే మీ రాకపోకలు మొదలయ్యాయి. ఒకరోజు కూరగాయల బండి ఆవిడ నోట, ఇంకోరోజు మేడ మీద బామ్మగారి నోట, పండగ పూట మా పెద్దమ్మ ఫోనులో. నేనప్పుడు బీఈడీ చదువుతున్నాను. పిల్లల సంగతి పరీక్షలయ్యాక చూద్దామని మేమిద్దరం అనుకున్నాం. అనుకోవడం వరకే మాకు వచ్చు. ఏం చేస్తే అది 'తర్వాత' అవుతుందో చెప్పిన మనిషి లేదు. పెళ్ళికి ముందు మా అమ్మ నాకు నేర్పింది అత్తగారి ముందు ఎలా కూర్చోవాలో, పప్పులో ఉప్పు ఎప్పుడు వెయ్యాలో. బళ్ళో ఆ పాఠం రాగానే మా సైన్సు టీచరు "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేశారు. ఇంటి దగ్గర తెరిచాను. నాన్న వచ్చారు. మూసేశాను.

ఇక మా ఆయన. వన్‌టౌన్ వస్త్రలత బట్టల మార్కెట్లో గుమాస్తా. ప్రయత్నించలేదని అనను, పాపం. సాయంత్రం ఏడింటికి మెడికల్ షాపు ముందు నలుగురుంటే ఆయన అయిదోవాడిగా నిలబడేవారు. ఆ నలుగురూ వెళ్ళేలోపు ఇంకో ముగ్గురు వచ్చేవారు. చివరికి షాపతను "ఏం కావాలి సార్?" అంటే "జండూ బామ్" అనేవారు. ఒకరోజు షాపులో పురుగు కూడా లేదట. ధైర్యం చేసి నోరు తెరిచేసరికి లోపలి నుంచి బిల్లులు రాసే అమ్మాయి వచ్చింది. ఆ పూట రెండు బామ్‌లు తెచ్చారు. నిరోధ్ కండోమ్‌ని ప్రభుత్వం 1968లోనే పదిహేను పైసలకి మూడు చొప్పున కిరాణా కొట్లలో, పాన్ షాపుల్లో పెట్టింది. నలభై ఏళ్ళు గడిచినా దాని పేరు మా ఆయన గొంతు దాటి రాలేదు. ఆ సంక్రాంతికి మా బీరువాలో తొమ్మిది బామ్ సీసాలున్నాయి. వాటిని చూసి మా అత్తయ్యగారు, "అమ్మాయికి తలనొప్పి ఎక్కువైనట్టుంది, విశేషమేమో" అన్నారు. విశేషమే. అప్పటికి రెండో నెల.

పెద్దాడు పుట్టాడు. బంగారం. నా బీఈడీ మాత్రం ఇప్పటికీ సగంలోనే ఉంది. మొదటి మాట ఎక్కడైనా చెప్పొచ్చు, రెండోది చెబితే "అదేం మాటమ్మా, పిల్లాడు విన్నాడంటే" అని మీ తరఫువాళ్ళు నోరు మూయిస్తారు.

రెండోసారి మీరు వచ్చిన తీరు ఇంకా బాగుంది. చంటిపిల్లకి పాలిస్తున్నంత కాలం ఏమీ రాదని మా అత్తయ్యగారి ధీమా. దానికి మూడు షరతులున్నాయని నర్సమ్మ తర్వాత చెప్పింది. బిడ్డకి ఆరు నెలలు నిండకూడదు, తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు, నెలసరి మళ్ళీ మొదలై ఉండకూడదు. మూడూ కలిస్తేనే ఆ ధీమా. మా వాడికి అయిదో నెలకే అత్తయ్యగారు ఉగ్గు మొదలుపెట్టారు. వాడికి తొమ్మిదో నెల వచ్చేసరికి నాకు రెండో నెల. మాత్రలు వాడదామంటే, "వాడితే ఇక పిల్లలే పుట్టరు" అని మా పిన్ని ముందే భయపెట్టి ఉంచింది. మానేస్తే మళ్ళీ గర్భం వస్తుందని చెప్పినవాళ్ళు లేరు.

మన భాష కూడా మీ పక్షమే సుమండీ. గర్భం వస్తే నెల 'తప్పింది' అంటాం. పెళ్ళికి ముందు వస్తే 'తప్పు' జరిగింది అంటాం. చంటిపిల్ల ఒళ్ళో ఉండగా మళ్ళీ వస్తే 'తప్పదు' అంటాం. అనుకుని కన్నదానికీ, అనుకోకుండా వచ్చినదానికీ వేరే మాట లేదు. అన్నిటికీ మీరే.

అందరి దగ్గరికీ ఒకేలా రారు లెండి. మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురు ఇంటర్ మొదటి సంవత్సరం తప్పింది. పదిహేడేళ్ళకి పెళ్ళి చేశారు. ఏడాది తిరక్కుండా కాన్పు. ఆసుపత్రిలో చూపించిన ఆధార్ కార్డులో రెండు జడలు, రిబ్బన్లు. కొన్నాళ్ళు ఆగమని చెప్పాల్సిందని నేనంటే, "ఆయన వింటాడా అమ్మా" అంది వాళ్ళమ్మ, నేల తుడుస్తూ, తల ఎత్తకుండా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో నూటికి 12 మందికి పైగా అప్పటికే తల్లులో, గర్భిణులో. వాళ్ళలో ఎంతమందిని "నీకు ఇప్పుడు కావాలా?" అని అడిగి ఉంటారు? "విశేషమా?" అని మాత్రం అందరినీ అడిగి ఉంటారు.

పెళ్ళికాని పిల్ల దగ్గరికి మీరసలు రారు. అవే వాంతులు, అదే కడుపు. మీ బదులు మీ తమ్ముడు 'తప్పు'ను పంపిస్తారు. గర్భస్రావాన్ని షరతులతో అనుమతించే చట్టం 1971 నుంచి ఉంది. 2021లో సవరించినప్పుడు 'భర్త' అన్నచోట 'భాగస్వామి' అని రాశారు. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు పెళ్ళికాని వాళ్ళకీ సమాన హక్కేనంది. అయినా ఆ పిల్లకి దారి మళ్ళీ మెడికల్ షాపే. మా ఆయనకి జండూ బామ్ తప్ప ఇంకేమీ అమ్మలేకపోయిన షాపులాంటిదే, డాక్టరు చీటీ లేకుండా కడుపు పోయే మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చేస్తుంది. 2015లో దేశంలో వచ్చిన 4 కోట్ల 81 లక్షల గర్భాల్లో దాదాపు సగం అనుకోనివేనని పరిశోధకులు లెక్కకట్టారు. ఆ ఏడాది జరిగిన 1 కోటి 56 లక్షల గర్భస్రావాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆసుపత్రి గడప తొక్కకుండా మాత్రలతోనే జరిగాయి. అంతమందిలో ఎవరి దగ్గరికీ మీరు పలకరింపుకి రాలేదు.

ఆపరేషన్ సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తికాదు. పేపర్లో 'కు.ని. శస్త్రచికిత్స' అని రాస్తారే, అదే. రెండో కాన్పు కాగానే నాకు చేయించాలన్నారు. నాకప్పుడు 24. మగవాళ్ళకి చేసేది ఇంతకంటే చిన్న పని, కుట్లు కూడా ఉండవని నర్సమ్మ అంటే, మా అత్తయ్యగారు "వాడు బరువులు ఎత్తాల్సినవాడు" అన్నారు. మా ఆయన ఎత్తే బరువల్లా ఖాతా పుస్తకం. ఆయన మాత్రం కాస్త ఆలోచించారు. "చేయించుకున్నాక మూడు నెలలపాటు నిరోధ్ వాడాలండీ" అని నర్సమ్మ అనగానే ఆయన ముఖం పాలిపోయింది. మళ్ళీ ఆ షాపు, ఆ నలుగురు, ఆ అమ్మాయి. నేనే చేయించుకున్నాను.

నా ఒక్కదాని కథ కాదిది. ఆ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ అయినవాళ్ళు. మగవాళ్ళ ఆపరేషన్ల లెక్క నూటికి ఒకటి కూడా రాదు. మిగతా పద్ధతులన్నీ కలిపినా రెండు దాటవు. అంటే మన దగ్గర కామాలు లేవు, ఫుల్‌స్టాపు ఒక్కటే. కాపర్ టీ ఉంది, పదేళ్ళు పనిచేసే రకం. 2017 నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే ఛాయ మాత్రలున్నాయి. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ ఉంది, పేరులోనే ఎడం ఉంది. సూర్యారావుపేటలో తలెత్తితే సంతాన సాఫల్య కేంద్రాల హోర్డింగులు, బోసినవ్వుల పిల్లలు. ఎడం గురించి ఒక్క బోర్డు నా కంటపడలేదు. పెద్దలు మనకిచ్చిన ఎడమల్లా ఆషాఢం ఒక్కటే. ఆ నెల పిల్లని పుట్టింటికి పంపించి, మిగతా పదకొండు నెలలూ దేవుడికి వదిలేశారు.

ప్రభుత్వానికీ మీలాగే లెక్కల మీదే ప్రేమ. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994 చట్టంలో పెట్టారు. 2024 నవంబరులో తీసేశారు. ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. అప్పుడు తక్కువ, ఇప్పుడు ఎక్కువ. ఎప్పుడు కంటావమ్మా అని ఏ లెక్కలోనూ అడగలేదు.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. నిన్న ఉదయం మా అక్క కూతురు ఫోను చేసింది. ఆషాఢానికి పుట్టింట్లోనే ఉందిగా. గొంతు తగ్గించి, "పిన్నీ, నాకు జనవరి దాకా ప్రాజెక్టు ఉంది. నువ్వు ఆ రోజు ఏదో ఇంజెక్షన్ అన్నావు కదా, అది..." అంటూండగా అవతల గాజుల చప్పుడయింది. దుర్గమ్మ కొండకి తీసుకెళ్ళే సారె సర్దుకుంటూ మా అక్క గదిలోకి వచ్చినట్టుంది. పిల్ల వెంటనే గొంతు పెంచి, "అదే పిన్నీ, కందిపొడిలో వెల్లుల్లి ఎప్పుడెప్పుడు వెయ్యాలి?" అంది.

"మూడు నెలలకోసారి," అన్నాను. "సోమవారం రా, ఇద్దరం వెళ్ళి వేయించుకొద్దాం."

"కందిపొడిలోనా?" అంది మా అక్క, ఫోనుకి దగ్గరగా వచ్చి.

సెలవు.

ఇట్లు,
తొమ్మిది జండూ బామ్ సీసాల యజమానురాలు