మ.రా.రా.శ్రీ అండర్‌టేకింగ్ ఫారం గారికి

విశాఖపట్నం నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేము ఎముకలతో సహా క్షేమం. తమరు కూడా ప్లాస్టిక్ ప్యాడ్ మీద, దారంతో కట్టేసిన పెన్ను పక్కన, క్షేమంగా ఉన్నారని మొన్న ఆదివారం కళ్లారా చూశాం. తమరుండే మార్షల్ ఆర్ట్స్ శిక్షణ కేంద్రంలో డెమో క్లాసు నాలుగింటికన్నారు. మాస్టారు ఐదున్నరకి దయచేశారు. కాసేపు క్లాసు చూస్తామంటే "ముందు ఫారం నింపండి, చూడ్డం అడ్మిషన్ అయ్యాక" అన్నారు. ఎంవీపీ రైతుబజారు దగ్గర చేపలమ్మే అప్ప కూడా మొప్ప ఎత్తి చూపించాకే డబ్బులడుగుతుంది కదండీ!

సరే, చూడనివ్వలేదు కాబట్టి తమరినే శ్రద్ధగా చదివాం. "శిక్షణ సమయమందు కలుగు ఎటువంటి గాయమునకైనను, అంగవైకల్యమునకైనను, ప్రాణనష్టమునకైనను యాజమాన్యం బాధ్యత వహించదు." ఆహా. తల నుంచి కాలి బొటనవేలి దాకా ఒక్క వాక్యంలో చుట్టేశారు. ఆధార్ నంబరు అడిగారు, టీషర్టు సైజు అడిగారు. ఉబ్బసం ఉందా, ఫిట్స్ వస్తాయా, ఇదివరకు తలకు దెబ్బ తగిలిందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అని మాత్రం అడగలేదు. పాపం, చోటు చాలలేదేమో.

పక్క బెంచీ మీద ఇంటర్ కుర్రాడు తమరి మీద గబగబా సంతకం గిలికేశాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం పదకొండో సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని మైనరుకి ఒప్పందం చేసుకునే అర్హతే లేదు. అలాంటి ఒప్పందం మొదటినుంచీ చెల్లదని మొహరీ బీబీ కేసులో, అప్పట్లో మనకి ఆఖరి కోర్టయిన లండన్ ప్రీవీ కౌన్సిల్ 1903లోనే తేల్చేసింది. అంటే ఆ సంతకం కింద తమరు వట్టి చిత్తుకాగితం. ఈ సంగతి తమరికి ఎవరూ చెప్పినట్టు లేదు.

అసలు విషయానికొస్తాను. తమరి అండ చూసుకునే కదా, చేరిన మొదటి వారమే కొత్తవాళ్లని స్పారింగులోకి, అంటే ఎదురెదురుగా నిలబడి కొట్టుకునే సాధనలోకి, తోసేస్తున్నారు! "ఇక్కడ అంతా రియల్ ఫైట్" అని గోడ మీద పులి బొమ్మ కింద రాయించారు కూడా. కొత్తవాడికి దూరం అంచనా ఉండదు. దెబ్బ వస్తుంటే కళ్లు మూసుకుంటాడు, గడ్డం పైకెత్తుతాడు, మొహం తిప్పేసుకుంటాడు. భయంలో తన బలమంతా పెట్టి కొడతాడు కూడా. అందుకే అతని చేతిలో ఎదుటివాడికి ప్రమాదం, ఎదుటివాడి చేతిలో అతనికి ప్రమాదం. ముందు నడక, చేతులెత్తి మొహం కాచుకునే గార్డు. తర్వాత బ్యాగు, ప్యాడ్లు. ఆ తర్వాత జతగా, ఒకడు జాబ్ (ముందు చేత్తో సూటి గుద్దు) మాత్రమే వేస్తే రెండోవాడు కాచుకోవడం మాత్రమే. అది కుదిరాక ఒంటి మీదికే దెబ్బలు. తల సంగతి అన్నిటికంటే చివర, అదీ మెల్లగా. ఈ వరసకి నెలలు పడతాయి. తమరి దగ్గర శుక్రవారానికల్లా పూర్తవుతోంది.

"ముప్ఫై శాతమే కొట్టండిరా" అంటారు మాస్టారు. ఎవరి ముప్ఫై? ఎనభై ఐదు కిలోల మనిషి ముప్ఫై, యాభై కిలోల మనిషికి యాభైకి పైనే. లెక్క చాలా తేలిక: గ్లవ్ తాకి వెనక్కి రావాలి, ఎదుటివాడి తల కదలకూడదు. కదిలిందంటే అది ముప్ఫై కాదు. ఒకరికి కాస్త గట్టిగా తగిలితే రెండోవారు ఇంకాస్త గట్టిగా బదులిస్తారు. మూడు నిమిషాల రౌండు ముగిసేసరికి అది పూర్ణా మార్కెట్లో తగువైపోతుంది. అందుకే ఒక పెద్దమనిషి పక్కనే నిలబడి ఆపాలి, జతలు మార్చాలి, గట్టిగా కొట్టినవాణ్ణి పక్కన కూర్చోబెట్టాలి. పన్నెండు జతలకి ఒక మాస్టారు, ఆ మాస్టారి చెవికి ఒక ఫోను ఉంటే ఆపేదెవరు? తమరా?

గ్లవ్స్ సంగతీ చూశాం. స్పారింగుకి మామూలుగా పదహారు ఔన్సులవి వాడతారు, ఒళ్లు తేలికైనవాళ్లకి పన్నెండో పద్నాలుగో చాలు. బుట్టలో ఉన్నవి పది ఔన్సులవి, లోపలి ఫోము మణికట్టు వైపు జారిపోయినవి. ముందువైపు బొటనవేలితో నొక్కితే లోపల పెట్టిన చెయ్యి తగులుతోంది. అంటే కొట్టేది గ్లవ్ కాదు, పిడికిలి.

"హెడ్‌గార్డ్ ఉంది కదండీ" అన్నారు. ఉంది. అది కనుబొమ చిట్లకుండా, చెవి వాయకుండా కాపాడుతుంది. పుర్రె లోపల మెదడు అదరడాన్ని మాత్రం ఆపలేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో మగ బాక్సర్లు హెడ్‌గార్డ్ లేకుండానే ఆడారు. కొత్తవాళ్లకీ తీసేయమని కాదు. అది తలకుంది కదా అని రెండింతలు బాదొద్దని.

ఇక నిద్రపట్టనివ్వని మాట ఒకటుంది. తలకి గట్టిగా తగిలి తూలిన పిల్లాడితో అన్న మాట. "ఏటిరా, ఇంతకే కళ్లు తిరిగిపోతే ఎలాగ? నీళ్లు తాగీసి రా."

నీళ్లు తాగీసి రావాలా? ఎక్కడికి, రెండో దెబ్బకా? మెదడు అదరడానికి స్పృహ తప్పి పడిపోనక్కర్లేదండీ. అడిగిందే మళ్లీ అడగడం, అడుగు తడబడటం, తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం, వాంతి, వీటిలో ఒక్కటి కనిపించినా అనుమానించాలి. కొన్ని గంటల తర్వాత బయటపడేవీ ఉంటాయి. మొదటి అదురు తగ్గకముందే ఇంకోటి తగిలితే, ముఖ్యంగా ఎదిగే పిల్లల్లో, మెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు. అనుమానం వస్తే ఆ రోజుకి ఆట బందు. బండి మీద ఒంటరిగా ఇంటికి పంపకూడదు. ఒకటి రెండు రోజులు విశ్రాంతి. తర్వాత నడక, తేలిక వ్యాయామం, దెబ్బల్లేని కసరత్తు, ఇలా మెట్టుకి కనీసం ఇరవై నాలుగు గంటల చొప్పున పైకి రావాలి. లక్షణాలు పెరిగితే ఓ మెట్టు దిగాలి. డాక్టరు ఒప్పుకున్నాకే మళ్లీ కొట్టుకోవడం. వాంతులు ఆగకపోయినా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఒక కంటిపాప పెద్దదైనా 108కి ఫోను చెయ్యాలి, కేజీహెచ్ క్యాజువాల్టీకో దగ్గర్లోని పెద్దాస్పత్రికో పరుగెత్తాలి. బీచ్ రోడ్డులో కొబ్బరిబోండం తాగించి "రేపు బేగా వచ్చీ" అనడం కాదు.

ఇదంతా పిరికివాళ్ల భయం అంటారా? జూడో పుట్టిన జపాన్‌లోనే 1983 మొదలు దాదాపు మూడు దశాబ్దాల్లో వందమందికి పైగా బడిపిల్లలు జూడోలో చనిపోయారు. చాలామంది కొత్తగా చేరిన మొదటి ఏడాది పిల్లలు. వెనక్కి పడగా తలకు తగిలి, పుర్రెలో రక్తస్రావమై పోయినవాళ్లు ఎందరో. వాళ్ల మాస్టార్లకి అనుభవం లేదా, పద్ధతి లేదా? అందుకే పడటం నేర్పకుండా పడెయ్యకూడదంటారు. గడ్డం ఛాతీకి ఆనించి, అరచేత్తో నేలను చరుస్తూ పడటం వారాల తరబడి నేర్పాలి. తమరి హాల్లో సిమెంటు మీద రెండు సెంటీమీటర్ల జిగ్‌సా మ్యాట్లున్నాయి. అవి కాళ్లకి మెత్తన, అంతే. ఎత్తి పడేసే త్రోలు చెయ్యాలంటే కనీసం నాలుగు సెంటీమీటర్ల గట్టి తాతామీ (జూడో మ్యాట్) కావాలి.

మిగతావి టూకీగా. మెడ బిగించే పట్టు, చోక్, సరిగ్గా పడితే పది సెకన్లలోపే స్పృహ పోవచ్చు కాబట్టి, వదిలెయ్యమని చేత్తో తట్టాక (ట్యాప్ చేశాక) కూడా "ఇంకొంచెం ఓర్చుకో" అనే సీనియర్‌ని గుమ్మం బయట పెట్టండి. బెల్టు పరీక్ష పేరిట ఆగిపోయిన ఫ్యాను కింద, మే నెల ఉక్కపోతలో ఐదొందల గుంజీలు తీయిస్తే కండరాలు కరిగి మూత్రం కోలా రంగులో రావచ్చు. అది పట్టుదల కాదు, కిడ్నీలకి ముప్పు. ఏడేళ్ల పిల్లకి బ్లాక్ బెల్టంటూ ఫ్లెక్సీ కట్టారు. తైక్వాండో ప్రపంచ కేంద్రమైన కుక్కివాన్ వాళ్లు పదిహేనేళ్లలోపు పిల్లలకి డాన్ (పెద్దల బ్లాక్ బెల్టు) కాదు, పూమ్ (పిల్లల స్థాయి) ఇస్తారు. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో మాత్రం ఎండిపోయిన డెట్టాల్ సీసా ఒకటి దొరికింది.

అలాగని అసలు దెబ్బలే వద్దనడం లేదు. ఐదేళ్లు గాలిని గుద్ది, ఒక్కరోజు కూడా ఎదురుతిరిగే మనిషిని ఎరగకుండా బెల్టు కట్టుకున్నవాడికి వచ్చింది డాన్సు. థాయ్‌లాండ్‌లో డబ్బుకి పోట్లాడే బాక్సర్లు జిమ్ములో నవ్వుకుంటూ, దోబూచులాడినట్టు స్పారింగ్ చేస్తారు. వచ్చే పోటీకి ఒళ్లు మిగలాలి కదా. గాజువాక నుంచి మధురవాడ దాకా వెతికితే అలా నేర్పే మాస్టార్లూ ఉన్నారు. చెప్పకుండా వెళ్లినా క్లాసు చూడనిస్తారు. నలభై దాటిన శిష్యుల మోకాళ్లు ఇంకా పనిచేస్తుంటాయి, ఆడపిల్లలు మూడో నెలకే మానెయ్యరు. అక్కడా ఫారం ఉంటుందండీ, కాకపోతే వెనక పేజీలో ఉబ్బసం గురించీ పాత దెబ్బల గురించీ అడుగుతుంది. తమరి చుట్టమే. ఒకసారి వెళ్లి పలకరించి రండి.

ఇట్లు,
ఆ ప్యాడ్ తిరిగిచ్చేసిన ఒక దరఖాస్తుదారు

తా.క.: "చెల్లించిన ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదు" అన్న వాక్యం మాత్రం లావు అక్షరాల్లో, కింద రెండు గీతలతో, తెలుగులో ఒకసారి ఇంగ్లీషులో ఒకసారి వేయించారు. ప్రాణనష్టం సంగతికి కళ్లద్దాలు కావాల్సి వచ్చింది.