సవరణ: కాశీయాత్ర చరిత్ర సెకండరీ సోర్సు కాదు

ప్రాజెక్టు రాసే విద్యార్థుల కోసం మొన్న పెట్టిన పోస్టులో ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'ను సెకండరీ సోర్సుల (జరిగినదాని గురించి తర్వాతివాళ్లు రాసినవి) జాబితాలో వేశాను. తప్పు నాదే. నా దగ్గరున్నది దిగవల్లి వేంకట శివరావు గారు పరిష్కరించిన 1941 ప్రతి. అట్ట మీది సంవత్సరం చూసి, యాత్ర జరిగిన వందేళ్లకు వచ్చిన పుస్తకం కదా అనుకున్నాను.

కానీ లోపలి మాటలు వీరాస్వామయ్యవే. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా (భాషల మధ్య అనువాదకుడిగా) చేసిన ఆయన 1830-31లో కాశీకి వెళ్లొస్తూ, దారిలో చూసింది చూసినట్టు మిత్రుడికి రాస్తూ వచ్చారు. 1830 నాటి బాటలు, సత్రాల గురించి రాసేవాళ్లకు అది అచ్చంగా ప్రైమరీ సోర్సే, అంటే ఆ కాలంలోనే స్వయంగా చూసినవాళ్లు రాసింది. ఎన్నిసార్లు అచ్చు వేసినా అది మారదు. అదే ప్రతిలో శివరావు గారి పీఠిక, అధోజ్ఞాపికలు (ఫుట్‌నోట్లు) మాత్రం సెకండరీ. ఒకే అట్ట మధ్య రెండూ ఉన్నాయి, నేను బోల్తా పడింది అక్కడే.

ఇంకో మెలిక. దారిలో ఆయన విని రాసుకున్న స్థలపురాణం ఆ గుడి ఎప్పుడు కట్టారో చెప్పే సాక్ష్యం కాదు. 1830లో జనం ఏం చెప్పుకునేవారో తెలియడానికైతే పనికొస్తుంది.

పాత జాబితా ఇప్పటికే వాడేసినవాళ్లు ఆ ఒక్క ఎంట్రీ మార్చుకోండి. పేజీ నంబరు పక్కన అది మూలమా, పీఠికా అన్నది కూడా రాయండి.