మిడ్‌సైజ్ డీజిల్ పికప్ గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ మిడ్‌సైజ్ డీజిల్ పికప్ ట్రక్కు గారి దివ్యసముఖమునకు, టెక్సస్ రాష్ట్రం డాలస్ శివారులోని ఆలెన్ నుంచి మీ సేవకుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా:

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని రాయడం ఆచారం. కానీ మీ సంగతి నాకు తెలుసు. అమెరికా షోరూముల్లో మీ వంశం నిండుకుంది. షెవర్లే కొలరాడో, జీఎంసీ కాన్యన్ 2022 మోడల్‌తో డీజిల్‌కి దణ్ణం పెట్టేశాయి. ఆ మరుసటేడు జీప్ గ్లాడియేటర్ కూడా అదే దారి పట్టింది. అయినా సరే, వాడిన బండ్ల సంతలో మిమ్మల్ని వెతికి పట్టుకుని, బేరమాడి ఇంటికి తెచ్చుకున్నాను. ఈ పనికి మా ఆవిడ ఒక పేరు పెట్టింది. ఇది బహిరంగ లేఖ కాబట్టి ఆ పేరు రాయను. నా దగ్గరున్నది ఏ కంపెనీదో కూడా రాయను. ఈ ఉత్తరం మీ జాతి మొత్తానికి. ఎవరి మసైనా నలుపే.

నా కోరిక చిన్నది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక లాప్‌టాప్ సంచీతో ప్లేనోలోని ఆఫీసుకి వెళ్ళాలి. పోను 12 మైళ్ళు, రాను 12 మైళ్ళు. ఏడాదికి నాలుగుసార్లు, మహా అయితే ఐదుసార్లు, 5,000 పౌండ్ల క్యాంపర్‌ని (చక్రాల మీది చిన్న ఇల్లు) వెనక తగిలించుకుని కొండలకో చెరువులకో పోవాలి. రెండు పనులకీ ఒకటే బండి కావాలి. అవ్వా కావాలి, బువ్వా కావాలి అనేవాణ్ణి చూసి మన ఊళ్ళో నవ్వుతారు. అమెరికాలో అయితే కూర్చోబెట్టి, మీకు అవ్వ ఏ ట్రిమ్‌లో కావాలి సార్ అని అడుగుతారు.

మూడు నెలలు ఎక్సెల్ షీటు నింపాను. కొలరాడో 2.8 లీటర్ల డీజిల్ 2,000 ఆర్‌పీఎమ్ (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే 369 పౌండ్-ఫీట్ల టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తుంది, 7,700 పౌండ్ల దాకా లాగుతుంది. అంటే దగ్గర దగ్గర మూడున్నర టన్నులు. అదే బండి పెట్రోల్ వీ6 (ఆరు సిలిండర్ల ఇంజన్) అయితే 7,000 దగ్గర ఆగుతుంది. బాగుంది కదా అని గ్లాడియేటర్ వరుసలోకి వచ్చాను. దాని డీజిల్ టార్క్ 442. పెట్రోల్ ఇంజన్‌కంటే ఇది చాలా ఎక్కువ. మరి లాగే బరువు? పెట్రోల్ అయితే 7,650, డీజిల్ అయితే 6,500. బలం ఎక్కువున్నవాడికి పని తక్కువ ఇవ్వడం మా ఆఫీసులో ప్రిన్సిపల్ ఆర్కిటెక్టు తర్వాత ఇక్కడే చూశాను.

తర్వాతి వరుస టొయోటా టకోమా. 1995 నుంచి ఆ పేరుతో ఉంది, అమెరికాలో ఒక్కసారి కూడా డీజిల్ తాగలేదు. దాని అన్న హైలక్స్ మాత్రం మిగతా ప్రపంచంలో చాలాచోట్ల 2.8 లీటర్ల డీజిల్‌తో తిరుగుతోంది. ఫోర్డ్ రేంజర్ ఆస్ట్రేలియాలో 3 లీటర్ల వీ6 డీజిల్‌తో 3,500 కిలోలు లాగుతుంది, ఇక్కడికొచ్చేసరికి పెట్రోల్ ఉపవాసం. ఎందుకిలా అని తవ్వుకుంటూ పోతే చివరికి కోడి తగిలింది.

నిజంగానే కోడి. 1960ల మొదట్లో అమెరికా నుంచి చవక కోడిమాంసం పడవల కొద్దీ వచ్చి పడుతుంటే తట్టుకోలేక పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ దాని మీద సుంకం పెంచాయి. 1963 డిసెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ బదులు తీర్చుకున్నాడు. బ్రాందీ, బంగాళదుంప పిండి, డెక్‌స్ట్రిన్, వీటితోపాటు చిన్న ట్రక్కులు. ట్రక్కు మీద 25 శాతం సుంకం. కాలక్రమంలో మిగతావన్నీ బయటపడ్డాయి, ట్రక్కు ఒక్కటే దొరికిపోయింది. మనవాళ్ళు కోడిగుడ్డు మీద ఈకలు పీకుతారని వెక్కిరిస్తాం. వీళ్ళు కోడికి పీకిన ఈకల్ని అరవై ఏళ్ళుగా ట్రక్కులకి అతికిస్తున్నారు. థాయ్‌లాండ్‌లో తయారయ్యే మీ చుట్టాలంతా ఆ కోడిని దాటి రాలేక అక్కడే ఉండిపోయారు.

తప్పంతా కోడిదే అనను. ఇక్కడి పొగ నిబంధనలు గట్టివి. కొలరాడో డీజిల్ 2016 మోడల్‌గా ముస్తాబై బయటికి రాబోతుండగా, 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ డీజిల్ కార్ల పొగ మోసం బయటపడింది. పెళ్ళికొడుకు పందిట్లో అడుగుపెట్టే వేళకి అదే ఇంటిపేరున్నవాణ్ణి పోలీసులు పట్టుకెళ్ళినట్టయింది. అంతకుముందు, 2010 ప్రాంతంలో, మన మహీంద్రా డీజిల్ పికప్ కూడా అమెరికా వస్తున్నానని ఊరించింది. రాలేదు. వీసా స్టాంపింగ్ దగ్గర ఆగిపోయిన మనవాళ్ళ లెక్కలో దాన్నీ కలుపుకున్నాను.

ఈ బాధలో ఉండగా తిరుపతి నుంచి మా బామ్మర్ది వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. పక్కన ఇసుజు డీ-మాక్స్ వీ-క్రాస్ పికప్, డీజిల్. "బావా, మన తడ దగ్గర శ్రీసిటీలోనే చేస్తున్నారు. అమెరికాలో దొరకదా?" ఒకప్పుడు ఇక్కడ దొరికేవి అక్కడ దొరకవని సూట్‌కేసులు నింపుకుని వెళ్ళినవాణ్ణి నేను. ఇప్పుడు తడలో దొరికేది ఇక్కడ దొరకదు, సూట్‌కేసులో పట్టదు. ఆ మెసేజికి బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నాను.

డబ్బు సంగతి కూడా ఎక్సెల్‌లోనే ఉంది. ఏడాదికి 240 రోజులు ఆఫీసు, రోజుకి 24 మైళ్ళు, మొత్తం 5,760. డీజిల్ గ్యాలనుకి 25 మైళ్ళు, పెట్రోల్ 20 అని మీ పక్షానే లెక్క వేశాను. పెట్రోల్ 3 డాలర్లు, డీజిల్ 3.60 అనుకుందాం. (ఫెడరల్ పన్నులోనే డీజిల్‌కి గ్యాలనుకి ఆరు సెంట్లు ఎక్కువ.) తేడా ఏడాదికి 35 డాలర్లు. 2016లో కొలరాడోకి డీజిల్ ఇంజన్ కావాలంటే వీ6 మీద అదనంగా అడిగింది 3,730 డాలర్లు. అది తిరిగి రావాలంటే 107 ఏళ్ళు ఆఫీసుకి వెళ్ళాలి. ఇంజన్ కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిలే 55 ఏళ్ళకి పోయాడు. ఆ గడి మీద ఎర్రరంగు వేసి, షీటు మూసేసి, వెళ్ళి మిమ్మల్ని కొన్నాను.

మిమ్మల్ని మిడ్‌సైజ్ అన్నదెవరో గానీ, వాళ్ళు మా గరాజు చూడలేదు. మీరు లోపలుంటే తలుపు పడదు. ఆఫీసు పార్కింగులో మీ ముక్కు లోపల, తోక దారిలో. క్యాంపర్‌ని ఇంటి ముందు రెండు రాత్రులు ఉంచితే కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది, ఇంత మర్యాదగా కూడా కాదు.

ఇక టోయింగ్. 7,700 అన్న అంకె చూసి మురిసిపోయాను కదా, ఆ అంకె పుట్టే పద్ధతి తర్వాత తెలిసింది. చాలా కంపెనీలు పాటించే ఎస్‌ఏఈ జే2807 అనే కొలమానం ఉంది. ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 11 మైళ్ళ పైచిలుకు ఎత్తురోడ్డు ఎక్కించి తేలుస్తారు. అంతవరకు న్యాయమే. కానీ బండిలో ఇద్దరే ఉంటారట, ఒక్కొక్కరు 150 పౌండ్లు. అంటే 68 కిలోల ఇద్దరు సన్నజాజులు. వాళ్ళ వెంట పిల్లలు రారు, పచ్చడి జాడీ రాదు.

మా ఇంటి లెక్క వేరు. డ్రైవరు తలుపు తెరిస్తే పసుపూ తెలుపూ స్టిక్కరు ఒకటి కనిపిస్తుంది. బండి లోపల మనుషులు, సామాను అంతా కలిపి ఎంత దాటకూడదో అందులో ఉంటుంది. నా బండికి 1,380 పౌండ్లు. కొనేముందు ఆ స్టిక్కరు చూడాలని నాకెవరూ చెప్పలేదు. అమ్మినవాడు అదే తలుపు మూడుసార్లు తెరిచి సీటు లెదరు చూపించాడు. క్యాంపర్ బరువులో పది నుంచి పదిహేను శాతం హిచ్ (బండి వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద కూర్చుంటుంది. నాది 650. హిచ్ సరంజామా ఇంకో 90. నేను, మా ఆవిడ, అబ్బాయి, ఆ వేసవికి ఊరి నుంచి వచ్చిన అమ్మా నాన్నా కలిపి 720. మొత్తం 1,460. బియ్యం మూట ఇంకా ఎక్కలేదు. గ్రైండరు గుమ్మంలో ఉంది. 7,700 లాగగల మహావీరులు, 5,000 తగిలించగానే మా అమ్మ చేతిసంచి దగ్గర చేతులెత్తేశారు.

క్యాంపర్ లోపలి సామాను వెనక్కి జరిపి హిచ్ మీద బరువు తగ్గిద్దామా అంటే, పది శాతం కిందికి పోతే హైవే మీద ట్రైలర్ తోక ఊపుతుంది. ఆ ఊపు ఒకసారి మొదలైతే డ్రైవరు గుర్తొచ్చిన దేవుళ్ళందరికీ మొక్కుకోవాలి. మా ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి పాత క్యామ్రీ కారు తాళాలు తీసింది. అమ్మా నాన్నా, బియ్యం, గ్రైండరు ఎక్కించుకుని మా వెనకే బయలుదేరింది. రెండు పనులకీ ఒకటే బండి అని కొన్న నేను ఒక పనికి రెండు బండ్లు తీశాను. దారిలో ట్రక్ స్టాపులో కాటా మీదికి ఎక్కించి తూయించాను. నాన్న ఆ చీటీ చూసి, "ధాన్యం లోడుకి తీసే చీటీ లాగే ఉంది. తరుగు ఎంత కోశారు?" అన్నారు.

అబద్ధం ఎందుకు, ఆ ప్రయాణంలో మీరంటే నాకు భక్తి కలిగింది. అమరిల్లో దాటి న్యూ మెక్సికో ఈశాన్య మూలలోంచి కొలరాడోలోకి వెళ్ళే చోట రటోన్ కనుమ ఉంది, 7,834 అడుగుల ఎత్తు. అంత ఎత్తులో గాలి పలచబడి టర్బో లేని పెట్రోల్ బండ్లు గొంతు చించుకుంటుంటే, మీరు 2,000 ఆర్‌పీఎమ్ దగ్గర తల వంచుకుని, చెమట కూడా పట్టకుండా ఎక్కారు. చిన్నప్పుడు సంక్రాంతికి బండలాగుడు పందేల్లో ఒంగోలు గిత్తల్ని చూసేవాణ్ణి. మంచి జోడీ అయితే పరుగెత్తదు, రంకె వెయ్యదు, మెడ దించి ఒక్కో అడుగు వేస్తుంది, బండ దానంతటదే వస్తున్నట్టుంటుంది. అదే కనిపించింది. దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేకు పట్టి ఉంచితే నా కాలు బ్రేకు మీద పెట్టాల్సిన పనే పెద్దగా పడలేదు. అబ్బాయి నిద్రపోయాడు. ఆ నలభై నిమిషాలకి 3,730 డాలర్లు ఇచ్చుకోవచ్చని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడూ అనుకుంటాను, మంగళవారాలు తప్ప.

మంగళవారం సంగతి ఇదీ. బండలాగే గిత్తని రోజూ పాలప్యాకెట్టుకి తోలుకెళ్తే దానికి అజీర్తి చేస్తుంది. మీ పొట్టలో మసి ఫిల్టరు ఉంది. పోగైన మసిని అప్పుడప్పుడూ 600 డిగ్రీల వేడి మీద కాల్చుకోవాలి. దానికి హైవే మీద ఆగకుండా ఇరవై, ముప్ఫై నిమిషాల పరుగు కావాలి. నా ఆఫీసు దారిలో పన్నెండు మైళ్ళూ ట్రాఫిక్కే. ఆ కాల్చుకోవడం (రీజెన్ అంటారు) మొదలయ్యేసరికి మా వీధి మలుపు వస్తుంది. మధ్యలో ఆపితే మసి మళ్ళీ పెరుగుతుంది, మరునాడు మళ్ళీ మొదలు. ఫిల్టరు శుభ్రమవుతోంది, నడుపుతూనే ఉండు అని మీరు అద్దం కింద అక్షరాలు చూపిస్తారు. గమ్యం గురించి ఒక్క మాట ఉండదు. ఇంత నిష్కామకర్మ మీరు ఎక్కడ నేర్చుకున్నారు?

దానికి తోడు డెఫ్ అని పొగని శుభ్రం చేసే ద్రవం ఒకటి. మూడో వంతు యూరియా, మిగతాది శుద్ధమైన నీళ్ళు. అది అయిపోతే ముందు హెచ్చరిక, తర్వాత నత్తనడక. ఒక ఆదివారం ఇంటి ముందు నీలంమూత తీసి పోస్తుంటే నాన్న వచ్చి నిలబడ్డారు.

"ఏంట్రా అది?"

"యూరియా నీళ్ళు నాన్నా. పొగలో విషం తగ్గడానికి."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "సొసైటీ ముందు తెల్లారుజామున చెప్పులు క్యూలో పెట్టి నిలబడితే రెండు బస్తాలు ఇచ్చారురా మొన్న. ఇక్కడ బండికి పోస్తున్నావా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరా ఉండదు.

ఈ ఉత్తరం మనసులో కూర్చుకుంటున్నది కూడా మంగళవారం సాయంత్రమే. ఆలెన్ ఎగ్జిట్ దగ్గరికి రాగానే మీరు అక్షరాలు వెలిగించారు. సిగ్నల్ తీసేసి 75వ నంబరు హైవే మీద ఉత్తరానికి పోనిచ్చాను. మెకిన్నీ వెళ్ళిపోయింది. మెలిస్సా కూడా వెళ్ళిపోయింది. ఇంటి నుంచి ఫోను.

"ఎక్కడున్నారు?"

"యానా దాటుతున్నాను."

"ఇంటికి రావడానికా?"

"మసి కాలుతోంది."

అవతల కాసేపు నిశ్శబ్దం. "పక్కన క్యామ్రీ ఏమైనా కనిపిస్తే దాన్ని లిఫ్టు అడిగి వచ్చేయండి" అని పెట్టేసింది.

ఇట్లు,
తమ విధేయుడు,
షెర్మన్ దగ్గర యూటర్న్ కోసం చూస్తూ.

తా.క.: డెఫ్ మళ్ళీ తగ్గిందని చూపిస్తున్నారు. డబ్బా కొన్నాను, కానీ చీకటి పడ్డాక పోస్తాను. నాన్న ఇంకో నెల ఇక్కడే ఉంటారు.