బాత్‌రూమ్ బయట బోర్డు పెట్టండి

మనిషిలా ఆలోచించే సాఫ్ట్‌వేర్ వచ్చేసిందని దిగులు పడుతున్నవాళ్లు కాస్త స్థిమితపడండి, బాత్‌రూమ్‌లోకి ఎప్పుడు వెళ్లకూడదో దానికి ఇంకా తెలీదు.

2023లో స్టాన్‌ఫర్డ్, గూగుల్ పరిశోధకులు స్మాల్‌విల్ అని ఓ బుల్లి ఊరు కట్టి (కంప్యూటర్‌లోనే లెండి) అందులో 25 మంది ఏజెంట్లను, అంటే సొంతంగా నడుచుకునే సాఫ్ట్‌వేర్ మనుషుల్ని, కాపురం పెట్టించారు. పాపం వీళ్లకి కళ్లుండవు. ఇల్లు, ఇంట్లో వంటగది, వంటగదిలో పొయ్యి, ఇలా ఊరంతా మాటల్లో చెప్తే, అది విని ఈ పూట ఏం చెయ్యాలో భాషా మోడల్ (చాట్‌జీపీటీ వెనకుండే లాంటి బుర్ర) తేలుస్తుంది. పొయ్యి వెలిగి ఉందా లేదా అన్నది కూడా చెప్పాల్సిందే.

ఇంత ఏర్పాటూ చేస్తే, కాలేజీ హాస్టల్లో ఒక్కరు పట్టే బాత్‌రూమ్‌లోకి, లోపల మనిషుండగానే ఇంకొకరు వెళ్లారు. హాస్టల్ బాత్‌రూమంటే నలుగురికీ కలిపి ఉంటుందని అనుకున్నారట! అయిదింటికి మూసేసే కొట్లలోకి అయిదు దాటాక కూడా దర్జాగా నడిచారు. అసలు చిక్కు ఇక్కడే. ఇలాంటివి అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ రాయరు, ఎవరూ రాయరు కాబట్టి వీళ్లకి తెలీదు.

దీనికి పరిశోధకులు సూచించిన మందు, ఆ బాత్‌రూమ్ వివరణలో 'ఒక్కరికి మాత్రమే' అని రాసేయడం. నాకు మహా నచ్చింది. తెలివి బుర్రలోకి ఎక్కకపోతే గోడకి అంటించడమే! 'ఇచ్చట మూత్రము పోయరాదు' అని రాసిన గోడనే వెతుక్కుని మరీ పని కానిచ్చే మన జాతి కంటే, చదివి నడుచుకునే వీళ్లే నయం. ఉపాయం కొత్తదేం కాదు, 2000లో వచ్చిన 'ద సిమ్స్' అనే కంప్యూటర్ ఆటలో తెలివంతా సామాన్లకే ఉండేది, ఆకలి తీరుస్తా రమ్మని ఫ్రిజ్జే మనిషిని పిలిచేది.

కాబట్టి ప్రపంచంలో ఉన్న ప్రతి తలుపుకీ, కుర్చీకీ, కొట్టుకీ ఒక వాక్యం రాసిపెట్టే శాఖ ఒకటి వెంటనే తెరవాలని నా డిమాండ్. నిరుద్యోగం కూడా తీరుతుంది.

అన్నట్టు, అదే ఊళ్లో ఇసబెల్లా అనే ఏజెంటు వాలెంటైన్స్ డే పార్టీకి 12 మందిని పిలిస్తే అయిదుగురు వచ్చారు. ముగ్గురు వేరే పనుందన్నారు. మిగతా నలుగురు తెగ ఆసక్తి చూపించి, తీరా ఆ రోజున అజా పజా లేరు. వీళ్లకి మాత్రం ఏ బోర్డూ అక్కర్లేదు.