బెజవాడ పాత ఇళ్ళను అతిథులే కాపాడాలి

2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌కు కొత్త టూరిజం పాలసీ వచ్చింది, పర్యాటకానికి పరిశ్రమ హోదా దక్కింది. అప్పటినుంచి మన దగ్గర మాటలన్నీ స్టార్ హోటళ్ళ గురించే. ఏ బ్రాండు వస్తోంది, ఎన్ని గదులు కడుతోంది, స్థలం ఎక్కడిస్తున్నారు అన్నవే వార్తలు. ఈ లెక్కల్లో విజయవాడ వన్‌టౌన్ కనిపించదు. గుంటూరు పాత బంగళాల ఊసే ఉండదు. వందేళ్ళ నాటి ఇల్లు మన ఊళ్ళో ఇంకో యాభై ఏళ్ళు నిలబడాలంటే, దాన్ని శ్రద్ధగా బాగుచేసి చిన్న హోటల్‌గా నడపడం కంటే గట్టి దారి ఇవాళ లేదని నా నమ్మకం.

మనకేమన్నా ప్యాలెస్‌లున్నాయా అని అడుగుతారు. 1991లో నీమ్రానా కోట హోటల్‌గా తలుపులు తెరిచిన దగ్గర్నుంచి హెరిటేజ్ హోటల్ అంటే రాజస్థాన్ కోటలే అనుకోవడం అలవాటైంది. కేంద్ర పర్యాటక శాఖ నిబంధనలు అలా లేవు. 1950కి ముందు కట్టిన మామూలు నివాసగృహమైనా సరే, కనీసం ఐదు గదులుంటే ఆ వర్గంలోకి వస్తుంది. పాత కట్టడం తీరు చెడగొట్టకూడదన్నదే ముఖ్యమైన షరతు. ఆ కొలతతో శివాలయం వీధిలో, బ్రాహ్మణ వీధిలో ఒకసారి నడిచి చూడండి. కింద కొట్టు, పైన కాపురం, వీధివైపు చెక్క కమ్మీల వరండా, లోపల టేకు స్తంభాలు. సగం ఫ్లెక్సీ బోర్డుల వెనకాల దాక్కుని ఉన్నాయి. గుంటూరు కొత్తపేట, అరండల్‌పేటల్లోనూ పెంకుటి బంగళాలు ఇంకా అక్కడక్కడా మిగిలాయి.

పుదుచ్చేరి ఈ పని ఎప్పుడో మొదలుపెట్టింది. ఫ్రెంచివాళ్ళ తెల్ల భవనాల సంగతి పక్కన పెడదాం. మనం చూడాల్సింది తమిళుల పేట వైపు ఉన్న వైశ్యాల్ వీధిని. మన వన్‌టౌన్‌లాగే అది కోమట్ల వీధి, వర్తకుల ఇళ్ళు. పాత కట్టడాలను కాపాడే ఇన్‌టాక్ సంస్థ, అక్కడి ప్రభుత్వం, యూరోపియన్ యూనియన్ ఏషియా అర్బ్స్ పథకం కలిసి ఆ వీధి ఇళ్ళ ముందుభాగాలను వరుసగా బాగుచేశాయి. 2008లో యునెస్కో పురస్కారం వచ్చింది. చుట్టుపక్కల ఇళ్ళు కొన్ని చిన్న హోటళ్ళయ్యాయి. అలాంటి ఒక ఇంట్లో నేను బస చేశాను. తిన్నె మీద కూర్చుంటే పక్కింటావిడ పలకరించింది. మధ్యాహ్నం మండువాలో ఎండ పడుతున్నా చుట్టూ ఉన్న గదులు చల్లగానే ఉన్నాయి. రాత్రి ఏసీ ఆపేసి పడుకున్నాను. ఈ ఇల్లు బెజవాడలోనూ ఉంది కదా, దాన్ని మనం ఏం చేస్తున్నాం అన్న ఆలోచన ఆ రాత్రంతా వదల్లేదు.

రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊరు మనది. ఆ ఎండల్ని తట్టుకోవడానికే మన పెద్దలు అలాంటి ఇళ్ళు కట్టారు. మందపాటి ఇటుక గోడ పగటి వేడిని అంత తొందరగా లోపలికి రానివ్వదు. ఎత్తైన కప్పు కింద వేడి గాలి పైకి పోతుంది, మండువాలోంచి బయటపడుతుంది. మద్రాసు మిద్దెలో టేకు దూలాల మీద ఇటుకలు ఐమూలగా పేర్చి, గానుగ సున్నంతో కప్పు వేస్తారు. ఆ సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపేవాళ్ళు. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుని మళ్ళీ బయటికి వదిలేస్తుంది. తెలియని మేస్త్రీ దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి, ఉప్పు పేరుకుని, నాలుగైదు వానాకాలాలకు పెచ్చులూడుతుంది. అప్పుడు ఇంజనీరు వచ్చి 'ఇల్లు పనికిరాదు' అంటాడు. ఇలా సిమెంటు పూతతో దెబ్బతిన్న ఇళ్ళను వయసైపోయిందని కూల్చేస్తున్నాం. హోటల్‌గా మార్చే పనిలో ముందు ఆ సిమెంటు ఒలిచి సున్నం వేయాలి. దానివల్ల సున్నం పని తెలిసిన మేస్త్రీకి, పాత దూలానికి అతుకు వేయగల వడ్రంగికి మళ్ళీ చేతినిండా పని దొరుకుతుంది.

అసలు ఇబ్బంది గోడల్లో లేదు, దస్తావేజుల్లో ఉంది. తాతగారు కట్టించిన ఇంటికి ఇవాళ ఆరుగురో ఎనిమిది మందో వారసులు. ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు న్యూజెర్సీలో, ఒకరు ఆ ఇంట్లోనే. ఇల్లు పంచుకోవడం కుదరదు, ఫ్లాట్లు పంచుకోవడం కుదురుతుంది. అందుకే 'డెవలప్‌మెంట్‌కి ఇచ్చేద్దాం' అన్న మాట దగ్గర అన్నదమ్ములందరూ ఒక్కటవుతారు. వాళ్ళకు పాత ఇంటి మీద ప్రేమ లేదని నేను అనను. గృహప్రవేశం ఫొటోలు చూసి కళ్ళు తుడుచుకునేవాళ్ళే సంతకాలు పెడుతున్నారు. వాళ్ళ ముందు ఇంకో దారి లేదు. ఆ దారి హోటల్ చూపిస్తుంది. నెలనెలా వచ్చే లీజు అద్దెను ఎనిమిది భాగాలు చేయొచ్చు, ఇంటిని ముక్కలు చేయక్కర్లేదు. ఫలక్‌నుమా నిజాం వారసులదే. తాజ్ సంస్థ లీజుకు తీసుకుని, ఏళ్ళ తరబడి బాగుచేసి 2010 నవంబరులో హోటల్‌గా తెరిచింది. ఆస్తి చెయ్యి మారలేదు, కట్టడం కూలలేదు. అంత పెద్ద ప్యాలెస్‌కు కుదిరిన ఒప్పందం వన్‌టౌన్‌లో ఏడు గదుల ఇంటికి ఎందుకు కుదరదు?

మ్యూజియం చేస్తే పోలేదా అనేవాళ్ళున్నారు. 1887లో పునాదిరాయి పడిన బందరు రోడ్డు విక్టోరియా జూబ్లీ మ్యూజియం ఏళ్ళ తరబడి మూతపడి, 2020లో బాపు మ్యూజియంగా మళ్ళీ తెరుచుకుంది. పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా అందించిన 1921 కాంగ్రెస్ సభల జ్ఞాపకం ముడిపడిన చోటుకే అంత కాలం పట్టింది. పేరూ ఊరూ లేని వర్తకుడి ఇంటికి ప్రభుత్వం ఎప్పుడు డబ్బిస్తుంది? గుంటూరు ఏసీ కాలేజీ 1885లో మొదలై ఇప్పటికీ ఉందంటే, అందులో రోజూ పాఠాలు జరుగుతున్నాయి కాబట్టే. ఇల్లూ అంతే, అందులో రోజూ పొయ్యి వెలగాలి.

ఇవి డబ్బున్నవాళ్ళ సరదాలని, హోటళ్ళొస్తే అద్దెలు పెరిగి మామూలు జనం పేట వదిలి పోతారని వాదించేవాళ్ళున్నారు. పెద్ద ఊళ్ళలో అలా జరిగింది, నిజమే. వన్‌టౌన్‌లో మాత్రం జనాన్ని తరిమేది హోటల్ కాదు. ఇళ్ళు కూల్చి గోడౌన్లుగా, కాంప్లెక్సులుగా మార్చడం వల్లే అక్కడ కాపురాలు తగ్గిపోతున్నాయి. గిరాకీ ఉంటుందా అన్న సందేహానికి ఇంద్రకీలాద్రి కొండే సమాధానం. దసరాకి అమ్మవారి దర్శనానికి వచ్చేవాళ్ళకు, నడిచి వెళ్ళే దూరంలో శుభ్రమైన పాత ఇల్లు దొరికితే వద్దంటారా? డిసెంబరులో డల్లాస్ నుంచి వచ్చే మన పిల్లలు ఇక్కడ కూడా డల్లాస్‌లో ఉన్నలాంటి గదిలోనే దిగుతున్నారు. తాతల ఇల్లు ఎలా ఉండేదో చూపించడానికి వాళ్ళ అమ్మానాన్నలకు ఒక్క చోటు లేదు.

ఈ నిర్లక్ష్యం నిన్న మొన్నటిది కాదు, మన ప్రాంతానికి పాత జబ్బు. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కొత్త పట్నం కోసం అమరావతి బౌద్ధ స్తూపం దిబ్బను తవ్వి రాళ్ళు తీసుకుపోయారు. 1816లో బ్రిటిష్ సర్వేయర్ కాలిన్ మెకంజీ రెండోసారి వచ్చేసరికి మహాస్తూపం నడిబొడ్డున చెరువు తవ్వి ఉంది. మిగిలిన శిల్పాల్లో గొప్పవి ఇవాళ లండన్, చెన్నై ఎగ్మూరు మ్యూజియాల్లో ఉన్నాయి. మనకు పాత కట్టడమంటే ముడిసరుకు. అప్పుడు సున్నపురాతి ఫలకాలు పోయాయి, ఇప్పుడు ద్వారబంధాలు, స్తంభాలు పోతున్నాయి. ఇల్లు కూల్చేవాళ్ళు వాటిని పాత కలప వ్యాపారికి అమ్మేస్తారు, అవి ఏదో ఊరి రిసార్టులో అలంకరణగా తేలతాయి. అదే అమరావతి పేరు పెట్టుకున్న రాజధాని కోసం లండన్ నుంచి ఆర్కిటెక్ట్ నార్మన్ ఫోస్టర్ సంస్థను పిలిపించుకున్నాం. పిలవండి, తప్పులేదు. ఆ శ్రద్ధలో వందో వంతు కృష్ణకు ఇవతలి ఒడ్డున ఇప్పటికే ఉన్న ఊరి మీద పెట్టమని అడుగుతున్నాను.

చేయాల్సినవి పెద్ద ఖర్చు పనులు కావు. ముందు కార్పొరేషన్ వీధి వీధీ తిరిగి పాత ఇళ్ళ జాబితా తయారుచేయాలి. గోడకు గోడ ఆనుకున్న ఇంటిని సెట్‌బ్యాక్ (చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా) చూపించమని, పార్కింగ్ చూపించమని అడిగితే ఏ యజమానీ ముందుకు రాడు. అలాంటి ఇళ్ళకు వేరే నిబంధనలు రాయాలి. నిప్పు ప్రమాదం విషయంలో రాజీ వద్దు, కాని ఇరుకు సందుకు తగ్గ ఏర్పాట్లేమిటో అధికారులే చెప్పాలి. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్ళకు టీడీఆర్ బాండ్లు (పోయిన స్థలానికి బదులు వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు) ఇస్తున్నారు, ఇల్లు కూల్చకుండా నిలబెట్టినవాళ్ళ చేతికీ అవి అందాలి. 2016 పుష్కరాల పనుల్లో రోడ్ల కోసం గుళ్ళే తీసేశారు. కృష్ణా పుష్కరాలు మళ్ళీ 2028లో వస్తున్నాయి. ఆ పనుల మొదటి అంచనాల్లోనే వన్‌టౌన్ ఇళ్ళ సర్వేకి ఒక పద్దు ఉండాలి, రోడ్డు వెడల్పు మార్కింగ్ కంటే ముందు ఆ సర్వే పూర్తవ్వాలి.