అప్పు చేసి పప్పు కూడు, మధ్యలో ఒక బ్యాక్‌లింకు

నాకో చిన్న వెబ్‌సైటు ఉంది. దాన్ని వెబ్‌సైటు అనడం కూడా ఎక్కువే, మా నాయనమ్మ నోట్లోంచి వచ్చిన సామెతలూ పొడుపు కథలూ ఓ నాలుగొందల దాకా ఎక్కించి పెట్టుకున్న నోటుబుక్కు, కాకపోతే ఏడాదికోసారి డొమైనుకీ హోస్టింగుకీ డబ్బులు కడుతుంటా. రోజుకి ముప్పై నలభై మంది వస్తారు, అందులో సగం రోబోలు. అలాంటి సైటుకి పోయిన నెల్లో ఒక మెయిల్ వచ్చింది. పంపినావిడ పేరు జెస్సికా. డియర్ సర్, మీ రాతలకి నేను పెద్ద ఫ్యాన్‌ని, ముఖ్యంగా మీ 'అప్పు చేసి పప్పు కూడు' ఆర్టికల్ చాలా ఇన్ఫర్మేటివ్‌గా ఉంది, అందులో 'అప్పు' అన్న మాటకి మా క్లయింటు లింకు పెడితే మీ పాఠకులకి ఎంతో ఉపయోగం అని.

ఆ క్లయింటు ఎవరయ్యా అంటే లోన్ యాప్. ఐదు నిమిషాల్లో అకౌంట్లో డబ్బులు.

నేను దీన్ని చాలా సీరియస్‌గా తీసుకున్నా, మీరూ తీసుకోండి. ఎందుకంటే జెస్సికా గారు ఆర్టికల్ అంటున్నది మొత్తం కలిపి రెండు వాక్యాలు. "అప్పు చేసి పప్పు కూడు తినేవాడు వీధిలో మీసం దువ్వుతాడు, ఇంట్లో గిన్నెలు తాకట్టు పెడతాడు. ఆ పప్పు అరిగే లోపే అప్పులోడు గుమ్మంలో ఉంటాడు." ఇది మా నాయనమ్మ చెప్పిన అర్థం. ఆవిడది చీరాల పక్క పల్లె, సంతకం రాదు, వేలిముద్రే. అప్పు జోలికి పోవద్దురా నాయనా అని మొత్తుకున్న ముసలమ్మ నోటికి అప్పుల కొట్టు బోర్డు కట్టమంటున్నారన్నమాట.

బ్యాక్‌లింకు అంటే ఏంటో తెలియని అదృష్టవంతులు ఇంకా ఎవరైనా మిగిలుంటే వాళ్ళ కోసం రెండు ముక్కలు. 1996 ప్రాంతంలో స్టాన్‌ఫర్డ్‌లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అని ఇద్దరు కుర్రాళ్ళు ఒక సెర్చ్ ఇంజన్ మొదలెట్టారు, ఇప్పటి గూగుల్ అదే, దానికి మొదట పెట్టుకున్న పేరే బ్యాక్‌రబ్. నీ పేజీలో నువ్వు ఎన్ని గొప్పలు చెప్పుకున్నావన్నది కాదు, పక్కోడు వాడి పేజీలోంచి నీకు లింకు ఇచ్చాడా (అదే బ్యాక్‌లింకు), ఇచ్చినవాడికి ఊళ్ళో ఎంత పరపతి ఉంది, అది చూద్దాం అన్నారు. రీసెర్చ్ పేపర్లలో ఎవరి పేపర్ని ఎంతమంది ఉదహరించారో లెక్కేసినట్టే. 1998లో పేజ్‌ర్యాంక్ పద్ధతి మీద పేపర్ కూడా వేశారు. నిజం చెప్పాలంటే బంగారం లాంటి ఆలోచన. ఒక మనిషి ఇంకో మనిషి గురించి చెప్పే మంచి మాటకి విలువ కట్టారు. కట్టారో లేదో, ఆ మంచి మాటని కిలోల్లెక్కన అమ్మడానికి కొట్లు తెరిచారు మనోళ్ళు, వాళ్ళోళ్ళు, అందరూ.

ఇది పెళ్లి సంబంధం వాకబు లాంటిది. అబ్బాయి ఎలాంటోడో తెలియాలంటే ఆడపిల్ల తండ్రి ఊళ్ళోకెళ్ళి టీ కొట్టోడిని అడుగుతాడు, కరెంటు లైన్‌మన్‌ని అడుగుతాడు, మంగలి షాపులో కూర్చుని మాటల్లో పెట్టి లాగుతాడు. ఇప్పుడు ఆ పెళ్లికొడుకు వాళ్ళు ఎస్‌ఈవో వాడిని, అంటే సెర్చ్‌లో సైటుని పైకి తేల్చిపెడతా అని డబ్బు తీసుకునేవాడిని, మాట్లాడుకున్నారు అనుకోండి. పాపం ఆ తండ్రి బస్సు దిగి టీ కొట్టు దగ్గరికెళ్తాడు. ఏమయ్యా ఫలానా అబ్బాయి... అని నోరు తెరిచాడో లేదో టీ కొట్టోడు "గుంటూరు జిల్లాలో బెస్ట్ పెళ్లికొడుకు తక్కువ కట్నంలో" అంటాడు. సరే అని లైన్‌మన్‌ని అడిగితే వాడు స్తంభం మీద నుంచే "గుంటూరు జిల్లాలో బెస్ట్ పెళ్లికొడుకు తక్కువ కట్నంలో" అని అరుస్తాడు. గేదెలు తోలుకెళ్ళే పిల్లాడూ అదే మాట. గుళ్ళో పూజారి సంకల్పం చెప్తూ చెప్తూ గోత్రానికీ నక్షత్రానికీ మధ్యలో గుంటూరు జిల్లాలో బెస్ట్ పెళ్లికొడుకుని దూర్చి మళ్ళీ ఏమీ ఎరగనట్టు మంత్రంలోకి వెళ్ళిపోతాడు, దీన్నే వాళ్ళ భాషలో కంటెంట్ మధ్యలో సహజంగా అమరిన లింకు అంటారు, దీనికి రేటెక్కువ. ఊళ్ళోకి పొద్దున్నే దిగిన ప్లాస్టిక్ బిందెల వాడు కూడా అబ్బాయిని నేనెరగను గానీ బెస్ట్ అండీ అంటాడు. ఆ తండ్రి కాస్త కళ్ళున్నవాడైతే గమనిస్తాడు, టీ కొట్టోడూ లైన్‌మనూ గేదెల పిల్లాడూ ఒకడే, ఇళ్ళ వెనక నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి తువ్వాలు మార్చి మార్చి నిలబడుతున్నాడు. ఒకడే బోలెడు సైట్లు పెట్టి అన్నిట్లోంచీ లింకులివ్వడం, దానికి ప్రైవేట్ బ్లాగ్ నెట్‌వర్క్ అని పేరు. అన్నిటికంటే ఖరీదైన సాక్ష్యం చివర్లో ఉంటుంది. చచ్చిపోయి పదేళ్ళైన కరణం గారి మాటకి ఆ ఊళ్ళో ఇప్పటికీ విలువ, అందుకని ఆయన ఇల్లు వేలంలో కొని, ఆయన కండువా వేసుకుని, ఆయన అరుగు మీద ఇంకోడు కూర్చుని మీసాలు నిమురుతూ "గుంటూరు జిల్లాలో..." అని మొదలెడతాడు. ఎక్స్‌పైర్డ్ డొమైన్లు, అంటే పాత ఓనరు వదిలేసిన సైటు పేర్లు, కొనడం అంటే ఇదే, కామెడీ కాదు, నిజంగా వేలాలు జరుగుతాయి.

మరి ఆ తండ్రికి, అంటే గూగుల్‌కి, కోపం రాలేదా అంటే వచ్చింది, చాలాసార్లే వచ్చింది. 2005లో లింకుల మీద నోఫాలో అని ఒక గుర్తు పెట్టింది, ఇది నా మంచి మాట కాదు, లెక్కేయొద్దు అని చెప్పుకోడానికి. 2011లో అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద బట్టల స్టోరు, సంబంధం లేని సైట్ల నిండా కుప్పలుగా లింకులు ఉండి పండగ సీజన్లో ఏం వెతికినా పైనే తేలుతోందని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది, గూగుల్ దాన్ని కిందకి తోసింది, స్టోరు వాళ్ళేమో మాకు తెలీదండీ అంతా ఏజెన్సీ వాడే అన్నారు. 2012 ఏప్రిల్లో పెంగ్విన్ అని ఒక అప్‌డేట్ వదిలింది, తువ్వాళ్ళు మార్చేవాళ్ళందరి వీపులూ ఒకేసారి విమానం మోత మోగాయి. 2014లో గెస్ట్ పోస్టుల పేరుతో, అంటే పక్కోడి సైట్లో అతిథిగా వ్యాసం రాసి, లింకులు పోగేసేవాళ్ళని ఇక చాలించండి అని గూగుల్ తరఫున స్పామ్ మీద పనిచేసే మ్యాట్ కట్స్ బహిరంగంగా రాశాడు. ఇంతమంది ఇన్నిసార్లు తిట్టాక మన లింకు వ్యాపారులు బుద్ధి తెచ్చుకుని ఏం చేశారు? వ్యాపారానికి పేరు మార్చారు. ఇదివరకు బ్యాక్‌లింకులు, ఇప్పుడు క్వాలిటీ బ్యాక్‌లింకులు. పదిమందీ ఒకటే మాట చెప్తే దొరికిపోతున్నాం కాబట్టి పదిమందీ పది రకాలుగా చెప్పండి, ఇద్దరు మాత్రం కాస్త తడబడండి, సహజంగా ఉంటుంది. క్వాలిటీ అంటే ఇంతే.

ఇక మళ్ళీ జెస్సికా దగ్గరికి. అమ్మా, మా సైట్లో ఇంకా సామెతలున్నాయి, 'పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి' అన్న దాంట్లో హెల్మెట్ల లింకు పెడదామా, 'కందకు లేని దురద కత్తిపీటకెందుకు' అన్న దాంట్లో దురద మందు, 'గుమ్మడికాయల దొంగ' దగ్గర సీసీ కెమెరాలు, 'ఇల్లు కట్టి చూడు పెళ్లి చేసి చూడు' దగ్గరైతే హోమ్ లోనూ మ్యాట్రిమొనీ రెండూ కలిపి కాంబో కింద ఇస్తా అని నా మానాన నేను వెటకారంగా ఇంగ్లీషులో రాసి పడేశా. వెటకారం అర్థం కాలేదు. గంటలో జవాబు, కాంబోకి రేటెంత అని. ఇంకో గంటకి వాట్సాప్‌లో మెసేజ్. ఈసారి తెలుగులో.

"అన్నా నేనే జెస్సికా."

జెస్సికా మన కుర్రాడే. ఒంగోలు దగ్గర ఊరు, అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటూ డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేశాడు, స్తంభాలకి అంటించిన ఆ కాగితాలు మీకు తెలుసుగా, హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్. ప్లేస్‌మెంట్ ఇదే. నెలకి ఇరవై లింకులు తేవాలి, పద్దెనిమిది అయ్యాయంట, నాదొకటీ ఇంకొకటీ ఐతే టార్గెట్ పూర్తి. పదిహేనొందలు ఇస్తా అన్నా, లింకు మాత్రం పర్మనెంట్‌గా ఉండాలి అన్నాడు. తమ్ముడూ, మా నాయనమ్మే పర్మనెంట్‌గా లేదు అన్నా. నవ్వే బొమ్మ పెట్టాడు. సరే, డబ్బు తీసుకుని పెట్టిన లింకుకి స్పాన్సర్డ్ అని ట్యాగ్ పెట్టాలని 2019 నుంచి గూగుల్ చెప్తోందిగా, ఆ ట్యాగ్ పెట్టి ఇస్తా తీసుకో అన్నా. రెండు రోజులు చప్పుడు లేదు. తర్వాత "అన్నా ట్యాగ్ పెడితే మా సార్ డబ్బులు ఇవ్వడు, డూఫాలో కావాలి అంటున్నాడు" అని. డూఫాలో అనే ట్యాగే లేదు లోకంలో, ఏ ట్యాగూ లేని మామూలు లింకుకి వీళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు అది. అంటే అప్పు ఇచ్చేవాడి దగ్గర డబ్బు తీసుకుని, తీసుకున్నానని చెప్పకుండా, మా నాయనమ్మే మనస్ఫూర్తిగా సిఫారసు చేసినట్టు నేను అబద్ధం ఆడాలి, పదిహేనొందలు లింకుకి కాదు, ఆ అబద్ధానికి.

కుర్రాడి మీద నాకు కోపం లేదు. నిజంగా లేదు. ఇరవై రెండేళ్ళోడు ఆడపిల్ల పేరు పెట్టుకుని రోజుకి రెండొందల మందికి మీకు ఫ్యాన్‌ని అని మెయిల్ కొడుతున్నాడంటే వాడి జీతం ఎంతో, వాడి ఫ్యాను ఎన్ని రెక్కల మీద తిరుగుతోందో నేను ఊహించుకోగలను.

కానీ ఆ సార్ ఎవడైతే ఉన్నాడో, వాడి వెనకాల ఆ యాప్ వాడు, వాళ్ళతో నాకు పని ఉంది. 2020 డిసెంబరు గుర్తుందా? లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో మనుషులు ప్రాణాలు తీసుకున్నారు. నాలుగు వేలో ఐదు వేలో అప్పు. ఫోన్లో ఉన్న నంబర్లన్నీ లాగి, బావగారికీ ఆఫీసులో మేనేజరుకీ వీడు దొంగ అని మెసేజీలు పెట్టి, ఫొటోలు మార్ఫింగ్ చేసి పంపారు. పోలీసులు హైదరాబాద్‌లో కాల్ సెంటర్ల మీద దాడులు చేసి జనాన్ని అరెస్టు చేశారు, 2022లో రిజర్వ్ బ్యాంకు రూల్సు పెట్టింది. అన్నీ అయ్యాయి. అయినా రాత్రి పదకొండింటికి ఆస్పత్రి వరండాలో కూర్చుని ఫోన్లో 'అర్జంటుగా డబ్బులు' అని కొట్టేవాడు ఉంటాడు. వాడికి ఆ టైముకి అడగడానికి మనిషి లేక గూగుల్‌ని అడుగుతున్నాడురా. పైన కనిపించింది నలుగురు మంచిదన్నారు కాబట్టే పైన ఉందని నమ్ముతున్నాడు. ఆ నలుగురూ ఎవరు? ఒకడు టైల్స్ సైటు, ఒకడు జాతకాల సైటు, ఒకడు చచ్చిపోయిన కరణం గారి కండువా, నాలుగోది మా నాయనమ్మ కావాలి మీకు. సిగ్గుండాలి. జీవితంలో ఒక్క రూపాయి చేబదులు తీసుకున్నా సాయంత్రానికి ఇచ్చేదాకా అన్నం ముట్టని మనిషి ఆవిడ, ఆవిడ మాటని పట్టుకెళ్ళి ఉరితాడుకి ముడి వేస్తారా, దానికి మళ్ళీ క్వాలిటీ అని పేరు పెడతారా, మీ క్వాలిటీ తగలెయ్య.

సారీ. వ్యంగ్య వ్యాసం కదా, మర్చిపోయా.

ఆ కుర్రాడికి నా బాధంతా చెప్తే ఓపిగ్గా విని, "అన్నా అదంతా కాదు గానీ మీ సైటు డీఏ ఎంతో తెలుసా, ఎనిమిది" అన్నాడు జాలిగా. డీఏ అంటే డొమైన్ అథారిటీ, మాజ్ అనే కంపెనీ వందకి వేసే మార్కులు. ర్యాంకింగులో మేం దీన్ని వాడం మహాప్రభో అని గూగుల్ వాళ్ళు చెప్తూనే ఉన్నారు, అయినా ఈ బజార్లో రేటు పలికేది దాన్ని బట్టే, పక్కింటి మాస్టారు వేసిన మార్కుల్తో పబ్లిక్ పరీక్ష పాసైనట్టు. నాక్కూడా ఒక మంచి లింకు ఉందిరా అని చూపించా. శ్రీకాకుళం జిల్లాలో ఒక స్కూలు టీచరమ్మ, ముఖం తెలీదు, పిల్లలకి పొడుపు కథలు నేర్పుతూ ఇక్కడ ఇంకా ఉన్నాయి చూడండి అని తన పేజీలో నా సైటు లింకు పెట్టింది. అడగలేదు నేను. ఆ లింకులోంచి అమెరికాలో శనివారం తెలుగు బడి నడిపే ఒకాయన వచ్చాడు, ఆయనా పెట్టాడు, అక్కడి పిల్లలు 'కిటకిట తలుపులు కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు' అన్నదానికి జవాబు ఆటోమేటిక్ డోర్ అని రాసి పంపారు, కనురెప్పలు అని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. కుర్రాడు ఆ టీచరమ్మ పేజీని ఏదో టూల్లో పెట్టి చూసి, "వేస్ట్ అన్నా, డీఏ మూడు" అన్నాడు.

మొత్తానికి లింకు ఇవ్వలేదు. వాడి టార్గెట్ ఏమైందో తెలీదు, మెసేజీలు ఆగిపోయాయి.

నిన్న రాత్రి ఎందుకో 'అప్పు చేసి పప్పు కూడు అర్థం' అని వెతికా. నా పేజీ రెండో పేజీలో అడుగున ఉంది. పైన ఉన్నది నేనెప్పుడూ వినని సైటు, పక్కన రాసిన వాళ్ళ పేరు జెస్సికా. తెరిచా. వీధిలో మీసం దువ్వుతాడు, ఇంట్లో గిన్నెలు తాకట్టు పెడతాడు, ఆ పప్పు అరిగే లోపే అప్పులోడు గుమ్మంలో ఉంటాడు. మా నాయనమ్మ మాటలు ఒక్క అక్షరం మార్చలేదు. 'అప్పు' అన్న మాట మాత్రం నీలం రంగులో ఉంది.